సగం కొలువులు ఇచ్చాక ఏం జరిగింది? కొల్హాపూర్ సాహూ మహరాజ్ కథ

1902 జూలై 26న కొల్హాపూర్ సంస్థానం గెజెట్‌లో ఒక ఉత్తర్వు అచ్చయింది. ఆ రోజు రాజు ఊళ్లో లేరు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం కోసం ఇంగ్లండ్ వెళ్లి ఉన్నారు. ఉత్తర్వు చేతికందిన రోజు నుంచి సంస్థానం కొలువుల్లో ఏర్పడే ఖాళీల్లో సగం వెనుకబడిన వర్గాల వారితోనే నింపాలని అందులో ఉంది. భారతదేశంలో రిజర్వేషన్ల చరిత్ర రాసే వాళ్లు చాలామంది ఈ తేదీతోనే మొదలుపెడతారు.

ఆ రాజు పేరు సాహూ ఛత్రపతి. ఆయన జారీ చేసిన మరో ఉత్తర్వు గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు. అది పదహారేళ్ల తర్వాత, 1919 జనవరిలో వచ్చింది. కొలువు దొరికిన దళిత ఉద్యోగితో ఆఫీసులో పై అధికారి ఎలా నడుచుకోవాలి, అలా నడుచుకోలేనివారు ఏం చేయాలి అనేది ఆ రెండో ఉత్తర్వు విషయం. మొదటి ఉత్తర్వు నుంచి రెండోదాని దాకా ఆయన ఎలా వచ్చారన్నది, ఉద్యోగాల్లో రిజర్వేషన్ల గురించి వాదించుకునే ఈ కాలానికి కూడా పనికొచ్చే కథ.

కాగల్ నుంచి కొల్హాపూర్‌కి

ఆయన పుట్టుకతో కొల్హాపూర్ వారసుడు కారు. 1874 జూన్ 26న కాగల్ జాగీర్దారు ఘాట్గే కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు యశ్వంత్‌రావు. కొల్హాపూర్ గద్దె మీద ఉన్న నాలుగో శివాజీ 1883 చివర్లో అహ్మద్‌నగర్‌లో నిర్బంధంలో ఉండగానే మరణించారు. ఆయనకు పిల్లల్లేరు. మరుసటి ఏడాది మార్చిలో రాణి ఆనందీబాయి ఈ పదేళ్ల పిల్లవాడిని దత్తత తీసుకున్నారు. అప్పుడే సాహూ అనే పేరు వచ్చింది.

చదువు రాజ్‌కోట్‌లోని రాజ్‌కుమార్ కాలేజీలో, ఆ తర్వాత ధార్వాడ్‌లో సాగింది. గురువు స్టువర్ట్ ఫ్రేజర్ అనే ఇంగ్లిష్ సివిల్ సర్వీస్ అధికారి. ఈ ఫ్రేజరే తర్వాతి కాలంలో హైదరాబాద్‌లో నిజాం దగ్గర బ్రిటిష్ రెసిడెంట్‌గా పనిచేశారు. పుస్తకాలతో పాటు జమాబందీ, కోర్టు, ఖజానా ఎలా నడుస్తాయో కుర్రవాడికి నేర్పించారు. 1894 ఏప్రిల్ 2న సాహూ అధికార పగ్గాలు చేపట్టారు. వయసు ఇంకా 20 నిండలేదు. సుమారు 9 లక్షల జనాభా ఉన్న సంస్థానం అది.

71లో 60

కొత్త రాజు ముందుగా చూసింది తన ఆఫీసులనే. పాలనా యంత్రాంగంలో పెద్ద పోస్టులు 71 ఉంటే 60 బ్రాహ్మణుల చేతుల్లో ఉన్నాయి. గుమాస్తా స్థాయి ఉద్యోగాలు 500 దాకా ఉంటే బ్రాహ్మణేతరులు 10 మంది. కొల్హాపూర్ మరాఠా రాజ్యం. జనంలో అత్యధికులు మరాఠా, కుణ్బీ, లింగాయత్, జైన్, ముస్లిం, దళిత రైతులు, కూలీలు. పన్ను కట్టేది వీళ్లు, లెక్క రాసేది వేరొకరు.

ఇది ఏదో కుట్ర వల్ల జరిగింది కాదు. తరతరాలుగా అక్షరం ఒకచోటే ఉండిపోయింది. దానికి తోడు ఆఫీసులో ఖాళీ ఏర్పడితే ఆ కబురు ముందుగా లోపల ఉన్నవారికే తెలుస్తుంది. వాళ్లు తమ బావమరిదినో మేనల్లుడినో తెచ్చి కూర్చోబెడతారు. ఎవరూ ఎవరినీ అడ్డుకోనక్కర్లేదు, పని దానంతటదే జరిగిపోతుంది. ఇప్పుడు ప్రైవేటు కంపెనీల్లో తెలిసినవాళ్ల సిఫారసు మీద నియామకాలు జరిగే తీరు చూసినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు.

మొదట్లో సాహూ పద్ధతి చాలా మెత్తగానే ఉండేది. చదువుకున్న మరాఠాలను, జైనులను ఒక్కొక్కరినే వెతికి తెచ్చుకున్నారు. భాస్కర్‌రావు జాధవ్ అనే ప్రతిభావంతుడైన పట్టభద్రుడిని 1895లో రెవెన్యూ శాఖలో నియమించారు. అలాంటి వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆ లెక్కన ఆఫీసులు మారడానికి వందేళ్లు పట్టేది.

ఆయన్ను తొందరపెట్టిన సంఘటన గుడి వైపు నుంచి వచ్చింది. కార్తీక మాసంలో పంచగంగ నదిలో స్నానానికి వెళ్లిన రాజుకు పురోహితుడు వేద మంత్రాలు చదవడం లేదని, పురాణ మంత్రాలతో సరిపెడుతున్నాడని తెలిసింది. రాజు శూద్రుడు కాబట్టి అంతకుమించి అర్హత లేదన్నది పురోహితుడి వాదన. మహారాష్ట్ర చరిత్రలో దీన్నే వేదోక్త వివాదం అంటారు. రాజపురోహితుడి ఇనాం భూములను సాహూ జప్తు చేశారు. తిలక్ పత్రిక రాజును విమర్శించింది. బొంబాయి ప్రభుత్వం దాకా అప్పీళ్లు వెళ్లాయి. ఐదారేళ్లు నడిచిన ఆ గొడవ ఆఖరికి రాజు మాటే నెగ్గి ముగిసింది.

ఈ అవమానం లేకపోతే 1902 ఉత్తర్వు వచ్చేది కాదని కొందరు చరిత్రకారులు అంటారు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. పుస్తకం, మంత్రం, దఫ్తరం మూడూ ఒకే చోట ఉంటే గద్దె మీద కూర్చున్నవాడు కూడా ఎంత చిన్నవాడైపోతాడో ఆ నది ఒడ్డున ఆయనకు తెలిసొచ్చింది. కానీ కొలువుల లెక్క ఆయన్ను 1894 నుంచే వేధిస్తోంది.

ఉత్తర్వులో ఏముంది?

1902 ఉత్తర్వు చిన్నదే. కాస్త నిదానంగా చదివితే అది రాసినవారికి ఆఫీసుల గుట్టు బాగా తెలుసని అర్థమవుతుంది. వెనుకబడిన వర్గాలంటే ఎవరో విప్పి చెప్పడానికి బదులు, ఎవరు కాదో చెప్పింది. బ్రాహ్మణులు, ప్రభులు, షేణ్వీలు, పార్సీలు, ఇతర ముందుబడిన వర్గాలు పోగా మిగిలిన అందరూ వెనుకబడినవారే. సంస్థానం దివాన్‌గా ఉన్న రఘునాథ్ సబ్నీస్ ప్రభు కులస్థుడు. అంటే ఉత్తర్వు అమలు చూడాల్సిన పెద్ద అధికారి కులం కూడా బయట పెట్టిన జాబితాలో ఉంది.

రెండో సంగతి, పని చేస్తున్నవారిని ఎవరినీ తీసేయలేదు. ఖాళీలకు మాత్రమే వర్తింపు. ఏ ఆఫీసులోనైనా వెనుకబడిన వర్గాల వాటా సగానికి తక్కువుంటే, తర్వాత వచ్చే ఖాళీ వాళ్లకే. మూడోది, ప్రతి శాఖాధిపతీ ఆ తర్వాత జరిగిన నియామకాల లెక్కను మూడు నెలలకోసారి పంపాలి. ఈ మూడో నిబంధనకే ఎక్కువ విలువివ్వాలి. ఉత్తర్వు తీసి అల్మరాలో పెట్టే అవకాశం లేకుండా చేసింది అదే.

లోపల ఉన్నవారికి సహజంగానే ఇది మింగుడుపడలేదు. రావాల్సిన ప్రమోషన్ వేరొకరికి పోతుందన్న భయం, కొడుక్కి ఇప్పిద్దామనుకున్న గుమాస్తాగిరీ చేజారిందన్న కోపం, చదువురాని వాళ్లతో ఆఫీసు పాడవుతుందన్న గొణుగుడు, అన్నీ వినిపించాయి. పుణె పత్రికల్లో రాజు మీద వ్యాసాలు వచ్చాయి. సామర్థ్యం ఏమవుతుందన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. ఆ తర్వాత అది ఎన్నడూ చావలేదు.

దానికి సాహూ ఇచ్చిన జవాబుగా కొల్హాపూర్‌లో ఒక కథ తరచూ చెబుతారు. సాంగ్లీ వకీలు గణపత్‌రావు అభ్యంకర్ వచ్చి, కులం చూసి ఉద్యోగాలివ్వడం తప్పని వాదించారట. రాజు ఆయన్ను గుర్రపుశాలకు తీసుకెళ్లారు. అక్కడ ప్రతి గుర్రం మూతికీ దాని సంచి కట్టి ఉంది, ఎవరి దాణా వారు తింటున్నాయి. సంచులు విప్పించి దాణా అంతా ఒకచోట కుప్ప పోయించారు. బలిసిన గుర్రాలు ఎగబడ్డాయి, బక్కవి, పిల్లవి దూరంగా నిలబడిపోయాయి. రాజు వేరే ఏమీ చెప్పనవసరం లేకపోయిందని కథ. జరిగిందో లేదో గానీ, దాణా విడివిడిగా కట్టడమన్న పోలిక ఆయన ఆలోచనకు సరిగ్గా సరిపోతుంది.

అభ్యర్థులు దొరకరన్న మాటకు మాత్రం ఆయన కథలతో జవాబివ్వలేదు, ఇళ్లు కట్టించారు. పల్లె నుంచి వచ్చే కుర్రవాడికి పట్నంలో తిండి, పడక లేక చదువు ఆగిపోతోందని గమనించి 1901 నుంచే హాస్టళ్లు మొదలుపెట్టించారు. మరాఠాలకు, జైనులకు, ముస్లింలకు, లింగాయత్‌లకు, 1908లో దళిత విద్యార్థులకు, ఇలా ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. కులానికో హాస్టల్ ఏమిటని ఇప్పుడు అనిపించవచ్చు. ఒకే పంక్తిలో భోజనానికి ఏ కులమూ ఒప్పుకోని కాలం అది. పిల్లలు ముందు బడికి చేరితే చాలనుకున్నారు. 1917లో ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం చేశారు.

లెక్క మారింది, కానీ ఎవరికి?

పదేళ్లలో ఫలితం కనిపించింది. 1912 నాటికి పెద్ద పోస్టులు 95 అయ్యాయి. వాటిలో బ్రాహ్మణులు 35 మంది. 71లో 60 నుంచి 95లో 35కి రావడం, అది కూడా ఎవరినీ ఉద్యోగం నుంచి తీసేయకుండా, చిన్న విషయం కాదు.

అయితే ఆ మిగిలిన 60 కుర్చీల్లో ఎవరు కూర్చున్నారని అడిగితే కథ కాస్త చిక్కబడుతుంది. ఎక్కువ భాగం మరాఠాలు, జైనులు, లింగాయత్‌లు. అంటే వెనుకబడినవారిలో ముందున్నవారు. మహార్లు, మాంగులు, చమార్లు ఆ జాబితాలో దాదాపు కనిపించరు. 1902 నిర్వచనం పెద్ద గొడుగు పట్టింది. ఆ గొడుగు కింద పొడుగువాళ్లే ముందు నిలబడ్డారు. తర్వాతి కాలంలో ఉపకోటాల గురించి, వర్గీకరణ గురించి సాగిన వాదనల విత్తనం ఇక్కడే ఉంది. తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఇది విడమరచి చెప్పాల్సిన పని లేదు.

దళితులకు సాహూ సంస్థానంలో దొరికిన మొదటి పనులు దఫ్తరంలో కాదు, రాజభవనం ఆవరణలో. ఏనుగులకు మావటీలుగా, గుర్రబ్బండి తోలేవారిగా, కాపలాదారులుగా, పోలీసులుగా పెట్టుకున్నారు. నేరస్థ జాతులని బ్రిటిష్ వాళ్లు ముద్ర వేసిన పార్ధీలను తన వేట విడిది దగ్గర కాపలాకు నియమించుకున్నారు. రాజు కళ్ల ఎదుట ఉండే ఉద్యోగాలు కావడంతో వాటికి ఒక రక్షణ ఉండేది. రాజు కళ్లు పక్కకు తిరిగితే ఆ రక్షణ ఏపాటిదో గంగారాం కాంబ్లే అనే గుర్రపుశాల ఉద్యోగి కథ చెబుతుంది.

నీళ్ల తొట్టి

గంగారాం మహార్. రాజు గుర్రాల దగ్గర పని. జీతం ఉంది, కొలువు ఉంది, అక్కడి మరాఠా సిబ్బందితో కలిసి రోజూ అదే పని. కానీ నీళ్ల తొట్టి వేరు. ఒకరోజు మరాఠాల తొట్టిలోని నీళ్లు ముట్టాడని తోటి ఉద్యోగులే అతన్ని చావబాదారు. బాదినవారు బ్రాహ్మణులు కారన్నది గమనించాలి. 1902 ఉత్తర్వు ఎవరి కోసం వచ్చిందో, ఆ గొడుగు కిందివారే.

గంగారాం నేరుగా రాజు దగ్గరికే వెళ్లి వీపు మీద దెబ్బలు చూపించాడు. సాహూ కొట్టినవారిని పిలిపించి కొరడాతో తానే శిక్షించారని అంటారు. సంస్థానాధీశుల న్యాయం ఆ తీరుగానే ఉండేది, దాన్ని మెచ్చుకోనక్కర్లేదు. ఆ తర్వాత ఆయన చేసిన పనే ఇప్పటికీ గుర్తుండిపోయింది. గంగారాంకు డబ్బిచ్చి, ఊరి నడిబొడ్డున సొంతంగా టీ హోటల్ పెట్టించారు. మహార్ చేతి టీ ఎవరు తాగుతారు? గల్లా ఖాళీగా ఉండేది. అప్పుడు రాజు తన బండి ఆ హోటల్ ముందు ఆపించి, వెంట ఉన్న పరివారంతో సహా టీ తాగడం మొదలుపెట్టారు. రాజు చేతిలో కప్పు ఉండగా పక్కవాడు వద్దనలేడు.

కథ ఇంపుగా ఉంది, అందుకే మరాఠీలో లెక్కలేనన్ని సార్లు చెప్పుకున్నారు. ఇంకో వైపు నుంచి చూస్తే, గంగారాం ఆ గుర్రపుశాలలో ఉద్యోగిగా కొనసాగలేకపోయాడు. అతన్ని అక్కడి నుంచి బయటికి తెచ్చి వేరే బతుకుతెరువు చూపాల్సి వచ్చింది. తొట్టి అక్కడే ఉంది. సొంత రాజభవనంలోనే రాజు ఇచ్చిన కొలువు నిలబడలేదు.

ఇదే రకం ఓటమి ఆ రోజుల్లో మరో సంస్థానంలోనూ జరిగింది. బరోడా శాయాజీరావు గైక్వాడ్ సంస్కర్తగా పేరున్న రాజు. ఆయన ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికాలో చదువుకున్న బి.ఆర్.అంబేద్కర్, ఒప్పందం ప్రకారం 1917లో బరోడా కొలువులో చేరారు. పోస్టు పెద్దది, చదువు ఆఫీసులో అందరికంటే ఎక్కువ. అయినా బంట్రోతులు ఫైళ్లు దూరం నుంచి బల్ల మీదికి విసిరేవారు. తాగడానికి నీళ్లు దొరకలేదు. ఉండటానికి ఇల్లు దొరకలేదు, తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి గెంటేశారు. కొద్దిరోజులకే ఆయన బొంబాయి తిరిగి వెళ్లిపోయారు. నియామక పత్రం మీద రాజు సంతకం ఉంది. బంట్రోతు చెయ్యి మాత్రం రాజు మాట వినలేదు.

ఈ రోజుల్లో సంస్థలు ఉద్యోగుల సంతృప్తి మీద సర్వేలు చేయించి, జీతం, పని గంటలు, ఎదుగుదల అంటూ పట్టికలు వేస్తాయి. దాహం వేసినప్పుడు లేచి వెళ్లి నీళ్లు తాగగలగడం ఆ పట్టికలో ఉండదు. గంగారాంకు, అంబేద్కర్‌కు ఉద్యోగం దుర్భరమైంది మాత్రం అక్కడే.

ఆరు వారాల గడువు

1919 జనవరి ఉత్తర్వును ఈ నేపథ్యంలో చదవాలి. రెవెన్యూ, న్యాయ, ఇతర శాఖల అధికారులందరూ సంస్థానం కొలువులో చేరిన అస్పృశ్య ఉద్యోగులను ఆదరంతో, సమానంగా చూడాలి. అలా చూడడం తన వల్ల కాదనుకునే అధికారి ఎవరైనా ఉంటే, ఉత్తర్వు అందిన ఆరు వారాల్లోగా రాజీనామా నోటీసు ఇచ్చి వెళ్లిపోవచ్చు. అలా వెళ్లినవారికి పింఛను ఉండదు.

ఉత్తర్వులో నీతిబోధ తక్కువ. అధికారి మనసు మారాలని అది ఎదురుచూడలేదు. నచ్చకపోతే దారి చూపించింది, ఆ దారికి ధర కూడా చెప్పింది. ఆ రోజుల్లో సంస్థానం అధికారికి పింఛను అంటే ముసలితనానికి ఉన్న ఒకే ఒక్క ఆసరా. నమ్మకాన్ని ఎంతగా పట్టుకుని వేలాడతారో తేల్చుకోమని వారికే వదిలేశారు.

ఆ ఏడాదే ఆస్పత్రులు, బడులు, సత్రాలు, బావులు, ప్రభుత్వ భవనాల్లో అంటరానితనం పాటించరాదని వరుసగా ఉత్తర్వులు వచ్చాయి. దళిత పిల్లల ప్రత్యేక బడులను మూసేసి, మామూలు బడుల్లో చేర్చుకోమన్నారు. అంటే 1901 నాటి వేరువేరు హాస్టళ్ల పద్ధతి చాలదని ఆయనే గుర్తించినట్టు. వేరుగా పెట్టి పైకి తేవడంతో మొదలుపెట్టిన మనిషి, చివరి మూడు నాలుగేళ్లలో ఒకేచోట కూర్చోబెట్టడం మీద పడ్డారు.

విడిచిపెట్టలేని ఉద్యోగం

దఫ్తరం బయట పల్లెల్లో ఇంకో రకం కొలువులుండేవి. వాటిని తెలుగు పాఠకులు సులువుగానే గుర్తుపడతారు. ఊరి లెక్కలు రాసే కులకర్ణి అంటే మన కరణం, తెలంగాణ పట్వారీ. వంశపారంపర్యంగా వచ్చే ఆ పదవి సాధారణంగా బ్రాహ్మణులది. పన్ను చిట్టా చేతిలో ఉన్నవాడు ఊరిని ఏ తీరుగా ఆడించగలడో చెప్పనక్కర్లేదు. 1918లో సాహూ కులకర్ణి వతన్లను రద్దు చేసి, జీతం మీద పనిచేసే తలాఠీలను పెట్టారు. వాళ్లకు శిక్షణ ఇప్పించారు. దళిత యువకులు కూడా తలాఠీలయ్యారు. ఊరి లెక్కల పుస్తకం మహార్ యువకుడి చేతికి వచ్చిందంటే ఆ ఊరికి అదొక భూకంపం. తెలుగు నేల మీద కరణాల వ్యవస్థ పోవడానికి 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రావాల్సి వచ్చింది.

మరో కొలువు మహార్లది. దాన్ని కొలువనడం కష్టం. చిన్న ఇనాం భూమి ముక్క చూపించి, దానికి బదులుగా ఊరికంతటికీ, సర్కారుకూ వెట్టి చేయించేవారు. కబురు మోయాలి, అధికారి సామాను మోయాలి, చచ్చిన పశువును లాగాలి. వేళ లేదు, సెలవు లేదు. ఒకరు జబ్బుపడితే ఇంట్లో ఇంకొకరు వెళ్లాలి. ఒక్క కుటుంబం ఇనాం అనుభవించినా కులమంతా బద్ధులు. అన్నిటికీ మించి, మానేయడానికి వీల్లేదు. పల్లెలో పుట్టిన మహార్‌కు రిజర్వేషన్ కింద పట్నంలో ఉద్యోగం చూపిస్తే సరిపోదు, ముందు ఈ ఉద్యోగం నుంచి విడుదల కావాలి.

1918 జూన్‌లో సాహూ మహార్ వతన్‌ను రద్దు చేసి, ఆ భూములను మామూలు రైతు పట్టాలుగా వాళ్ల పేరిటే మార్చారు. ఆ నెలలోనే ఆయన చిన్న కొడుకు శివాజీ అడవిపంది వేటలో ప్రమాదానికి గురై చనిపోయారు. ఆ దుఃఖం నుంచి రాజు పూర్తిగా కోలుకోలేదని జీవిత చరిత్రకారులు రాశారు. కానీ ఉత్తర్వులు ఆగలేదు. మహార్, మాంగ్, రామోషీ, బేరడ్ కులాల వారు రోజూ చావడికి వచ్చి నేరస్థుల్లా హాజరు వేయించుకునే పద్ధతిని కూడా ఆ ఏడాదే ఎత్తేశారు. ఆయగాళ్ల పద్ధతి లాంటి బలుతేదారీ నిర్బంధాన్ని కూడా తొలగించారు. కులవృత్తి చేస్తే చేయొచ్చు, మానితే మానొచ్చు.

ఆ తర్వాత చదువుకున్న కొందరు దళితులకు వకీలు సనదులు ఇప్పించారు. దానికీ విమర్శలొచ్చాయి. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు.

మాణ్‌గావ్

అంబేద్కర్‌ను సాహూ వెతుక్కుంటూ వెళ్లారు. బొంబాయి పరేల్ చాల్‌లో ఉంటున్న ఆ యువ ప్రొఫెసర్ ఇంటికి స్వయంగా వెళ్లి కలుసుకున్నారు. 1920 జనవరిలో అంబేద్కర్ మూక్‌నాయక్ పత్రిక మొదలుపెట్టినప్పుడు 2,500 రూపాయలు ఇచ్చారు. అదే ఏడాది మార్చి 21, 22 తేదీల్లో కాగల్ జాగీరులోని మాణ్‌గావ్‌లో దళితుల సభ జరిగింది. అధ్యక్షత అంబేద్కర్‌ది. రాజు సభకు వచ్చి, మీకు మీ నాయకుడు దొరికాడని జనానికి చెప్పి వెళ్లారు. రాజే తమను ఉద్ధరిస్తాడని అనుకోకుండా తమవాడినే నమ్ముకోమనడం ఆ రోజుల్లో సంస్థానాధీశుల నుంచి వినే మాట కాదు.

సాహూను దేవుడిని చేసి పొగిడేవారు కొన్ని సంగతులు దాటేస్తారు. ఆయన బ్రిటిష్ వారికి నమ్మినబంటు. స్వాతంత్ర్య పోరాటం మీద అనుమానంగానే ఉండేవారు. బ్రాహ్మణ ఆధిపత్యం పోకుండా స్వరాజ్యం వస్తే అది ఎవరి రాజ్యమవుతుందన్నది ఆయన ప్రశ్న. అది దబాయించి కొట్టిపారేసే ప్రశ్న కాదు గానీ, దానికోసం ఆయన తెల్లవారి నీడన నిలబడ్డారన్నదీ నిజమే. ఆయన సంస్కరణలన్నీ ఒక రాజు సంతకం మీద నడిచాయి. శాసనసభ లేదు, అప్పీలు లేదు, కొరడా ఉంది. ఉత్తర్వు వెనుక ఉన్న మనిషి పోతే ఉత్తర్వు ఏమవుతుందన్న బెంగ అందరికంటే ముందు దళితులకే ఉండాలి.

ఆ మనిషి తొందరగానే వెళ్లిపోయారు. భారీ కాయం, మధుమేహం. 1922 మే 6న బొంబాయిలో మరణించారు. 47 ఏళ్లు. పెద్ద కొడుకు రాజారాం గద్దెనెక్కారు.

ఆయన బతికుండగానే ఆ మొదటి ఉత్తర్వు లాంటివి వేరేచోట్ల కూడా కనిపించడం మొదలైంది. మైసూరు సంస్థానం 1918లో మిల్లర్ కమిటీ వేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1921లో కమ్యూనల్ జీవో తెచ్చింది. వైస్రాయ్ కౌన్సిల్‌లో అంబేద్కర్ సభ్యుడిగా ఉండగా 1943లో కేంద్ర సర్వీసుల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం కేటాయించారు. కొలువుల్లో తగినంత ప్రాతినిధ్యం లేని వెనుకబడిన తరగతులకు పోస్టులు కేటాయించవచ్చని రాజ్యాంగం 16(4) అధికరణం చెప్పింది. వాటా తక్కువున్నచోట తర్వాతి ఖాళీ వారికివ్వాలన్న కొల్హాపూర్ ఉత్తర్వులో ఉన్నదీ ఆ ఆలోచనే. 1919 ఉత్తర్వులో ఉన్నటువంటి ఆరు వారాల గడువు మాత్రం వీటిలో దేనిలోనూ లేదు.

మహార్ వతన్ సంగతి ఇంకా నెమ్మది. కొల్హాపూర్ చుట్టూ ఉన్న బ్రిటిష్ జిల్లాల్లో అది అలాగే కొనసాగింది. దాన్ని మార్చాలని అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు, నెగ్గలేదు. బొంబాయి రాష్ట్రం ఆ వతన్లను రద్దు చేస్తూ చట్టం తెచ్చింది 1958లో. సాహూ ఉత్తర్వు ఇచ్చి అప్పటికి 40 ఏళ్లు. అంబేద్కర్ పోయి రెండేళ్లు.